ఆ 'నేను' ఎవరో తెలియకుండానే 380 పేజీలు చదివేశాను

ప్రశ్న: మేం కొందరం కలిసి నెలకో పుస్తకం చదివి మాట్లాడుకుంటాం. ఈసారి ఒక ప్రయోగాత్మక నవల ఎంచుకున్నారు. 380 పేజీలు. అధ్యాయాలు 24తో మొదలై 1తో ముగుస్తాయి. ప్రతి అధ్యాయంలో ఎవరో ఒకరు 'నేను' అంటూ చెబుతుంటారు, ఆ నేను ఎవరో మాత్రం చెప్పరు. ఒక్కోసారి ఒకే పేరాలో మనిషి మారిపోయినట్టు అనిపిస్తుంది. సంభాషణలకు కొటేషన్ మార్కులు లేవు. పేజీ అడుగున ఫుట్‌నోట్లలో ఇంకేదో కథ నడుస్తుంటుంది. రెండుసార్లు మధ్యలో వదిలేసి, మూడోసారి పట్టుబట్టి పూర్తి చేశాను. నిజం చెప్పాలంటే ఏమీ అర్థం కాలేదు. ఎవరు మాట్లాడుతున్నా ఇల్లు మాత్రం ఒకటేనని తెలిసింది, అంతే. తొమ్మిదో అధ్యాయంలో ఎవరో చీకట్లో మెట్లు లెక్కపెట్టుకుంటూ పైకి వెళ్తారు. అక్కడ ఎందుకో ఏడుపొచ్చింది.

మొదటిసారి కూర్చున్నప్పుడు అందరూ అద్భుతం అన్నారు. ఒకరు ఇది తల్లి కథ అన్నారు, ఇంకొకరు ఇల్లే మాట్లాడుతోంది అన్నారు. నేను తలూపి ఊరుకున్నాను. వచ్చే సమావేశంలో ఒక్కొక్కరం పది నిమిషాలు మాట్లాడాలట. అర్థం కాలేదంటే చులకనైపోతానేమో, బాగుందంటే అబద్ధం. టెన్షన్‌గా ఉంది. లోపం నాలో ఉందా, రచయితలోనా? ఇలాంటి పుస్తకాలు అసలు ఎలా చదవాలి? నాలాంటివాళ్లు మానేయడమే మంచిదా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఏమీ అర్థం కాలేదన్న మాట నేను ఒప్పుకోనండి. మీ ఉత్తరమే దానికి సాక్ష్యం. మాట్లాడే మనుషులు మారుతున్నా ఇల్లు మారడం లేదని మీరే పట్టుకున్నారు. ఒకే పేరాలో గొంతు మారుతోందని గమనించారు. ఫుట్‌నోట్లు పై కథకు వివరణ కావని, వేరే కథ అని చెప్పారు. ఎక్కడ కదిలిపోయారో అధ్యాయం నంబరుతో సహా రాశారు. మీకు చేతకానిది ఒక్కటే, "కథేమిటి?" అని అడిగితే నాలుగు ముక్కల్లో చెప్పడం. బళ్లో పాఠం అయిపోగానే సారాంశం రాయించిన అలవాటు మనది. ఏ పుస్తకం మూసినా ముందు ఆ ప్రశ్నే వేసుకుంటాం. మీ చేతిలో ఉన్నది సరిగ్గా ఆ ప్రశ్నకు జవాబివ్వకూడదని పట్టుబట్టిన నవలలా ఉంది. ఆ కొలతతో కొలుచుకుంటే ఎవరికైనా సున్నాయే వస్తుంది.

ఆ నవల నేను చదవలేదు, కాబట్టి అది గొప్పదో కాదో తీర్పు చెప్పను. మీ ఉత్తరంలో ఉన్నంతవరకే మాట్లాడతాను. అదృష్టవశాత్తూ అందులో చాలానే ఉంది.

ఇలాంటి పుస్తకాలు చదివేటప్పుడు నేను పట్టుకునే తీగ ఒకటుంది. ప్రయోగం చేసే రచయిత ఒకదాన్ని వదులు చేశాడంటే, ఇంకొకదాన్ని మామూలు కంటే గట్టిగా బిగించి ఉంటాడు. అన్నీ వదిలేస్తే అతను కూడా రాయలేడు, పుస్తకం చేతిలోంచి జారిపోతుంది. అందుకని వదిలేసినదాని కోసం వెతుక్కుంటూ కూర్చోకుండా, బిగించినది ఎక్కడుందో చూడాలి. జేమ్స్ జాయిస్ 'యులిసీస్' 1922లో వచ్చింది. కష్టమైన నవల అనగానే ముందుగా చెప్పే పేరు అదే. అందులో 18 భాగాలు, భాగానికో శైలి. ఒకటి నాటకంలా ఉంటుంది, ఒకటి ప్రశ్నలూ జవాబులుగా నడుస్తుంది, చివరిదానిలో విరామ చిహ్నాలు దాదాపు ఉండవు. కానీ రోజు ఒక్కటే, 1904 జూన్ 16. ఊరు ఒక్కటే, డబ్లిన్. శైలి ఎంత తిరిగినా గడియారం తప్పదు, వీధులు తప్పవు. శైలి వెంట పరిగెత్తినవాళ్లు అలిసిపోతారు. ఇప్పుడెంతైంది, ఏ వీధిలో ఉన్నాం అని చూసుకుంటూ వెళ్లినవాళ్లకు కాలికింద నేల ఉంటుంది.

మీ ఇబ్బందికి ఇంకా దగ్గరగా ఉండేది విలియం ఫాక్నర్ 1929 నాటి నవల 'ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ'. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు పడ్డ పాట్లన్నీ ఇందులో ఉన్నాయి. 'నేను' అని చెప్పే మనిషి ఎవరో మొదట తెలియదు. అతని పేరు బెంజీ, వయసు 33, మనసు మాత్రం పసివాడిది. కంచె అవతల ఎవరో ఏదో కొడుతున్నారని, జెండా తీసి మళ్లీ పెడుతున్నారని చెబుతాడు. అది గోల్ఫ్ ఆట అని అతను చెప్పడు. అతనికి ఆ మాట తెలియదు కాబట్టి మనకూ చెప్పలేడు. అవతల నుంచి ఒకడు తన సంచి మోసేవాడిని "క్యాడీ" అని పిలుస్తాడు. వెంటనే బెంజీ మూలుగుతాడు, పక్కనున్న కుర్రాడు నోరు ముయ్యమంటాడు. అంతే, వివరణ లేదు. చాలా పేజీలు గడిచాక అతని అక్క పేరు కూడా క్యాడీ అని, ఆ ఇంట్లో అతన్ని అందరికంటే ప్రేమగా చూసింది ఆవిడేనని, ఆవిడ ఇల్లు విడిచి వెళ్లిపోయిందని మనకు కూడుతుంది. ఆ గోల్ఫ్ మైదానం ఒకప్పుడు వాళ్ల సొంత పచ్చిక బయలేనని, అమ్మేశారని ఇంకాస్త తర్వాత తెలుస్తుంది.

అంతేకాదు, బెంజీకి నిన్న, పదేళ్ల కింద, ఇప్పుడు అన్న తేడా లేదు. ఒక మేకుకు చొక్కా తగులుకుంటే, చిన్నప్పుడు అలాగే తగులుకున్న రోజుకి వెళ్లిపోతాడు. ఒక వాక్యం అతని 'ఇప్పుడు' అయిన 1928లో, పక్క వాక్యం పాతికేళ్లు వెనక. ఇటాలిక్ అక్షరాలు కొంత సాయం చేస్తాయి, అన్నిచోట్లా కాదు. కాలాలను వేర్వేరు రంగుల సిరాతో అచ్చువేయిస్తే బాగుండేదని ఫాక్నర్ అనుకున్నాడు, ఆ రోజుల్లో కుదరలేదు. పైగా క్వెంటిన్ అన్న పేరు ఇద్దరికి పెట్టాడు, ఒకరు బెంజీ అన్న, ఇంకొకరు క్యాడీ కూతురు. ఒకచోట క్వెంటిన్ మగవాడు, ఇంకోచోట ఆడపిల్ల. ఇది చదివి తల పట్టుకోని వాళ్లెవరు?

మరి బిగించినది ఏమిటి? బెంజీని కనిపెట్టుకుని ఉండే కుర్రాడు. బెంజీ మరీ చిన్నవాడిగా ఉన్నప్పుడు పక్కన వెర్ష్ ఉంటాడు. ఆ తర్వాతి ఏళ్లలో టి.పి. ఇప్పుడు లస్టర్. పేజీలో వెర్ష్ కనిపించాడంటే చిన్నతనం, లస్టర్ కనిపించాడంటే 1928. పాత సంఘటనల తేదీలు చెప్పకుండానే ప్రతిదానికీ తేదీ వేసి పెట్టాడన్నమాట. ఈ సంగతి తెలిసిన క్షణం నుంచి ఆ భాగం చదవడం మారిపోతుంది. అయోమయం మొత్తం పోదు, కానీ అది ఎవరి అయోమయమో తెలుస్తుంది. అది బెంజీది. అతని తల లోపల నుంచి చూస్తే లోకం ఎలా ఉంటుందో మనకు చెప్పడం కాదు, మనల్నే అక్కడ కూర్చోబెట్టాడు. ఏ ఇంట్లోనైనా వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేటప్పుడు "ఆ రోజు వాడు అలా చేశాడే" అనుకుంటారు తప్ప, ఆ రోజేమిటో, వాడెవడో పక్కనున్న కొత్తమనిషికి విప్పి చెప్పరు కదా. ఈ నవలలో మనం ఆ కొత్తమనిషి.

ఇప్పుడు మీ నవల. అందులో వదిలేసింది 'ఎవరు' అన్న ప్రశ్న. బిగించింది ఇల్లు అని మీరే పట్టుకున్నారు, కానీ పట్టుకున్నదాన్ని "అంతే" అని తీసిపారేశారు. నేనైతే దాన్నే ఆధారం చేసుకుంటాను. సమావేశానికి ముందు పుస్తకమంతా మళ్లీ చదవక్కర్లేదు. మొదటి రెండు అధ్యాయాలు, అంటే 24, 23 చదవండి, ఆ తర్వాత తొమ్మిదోది. ఈసారి మాట్లాడేది ఎవరా అని బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. ఏ గదిలో ఉన్నారు, తలుపు ఎటు ఉంది, కిటికీలోంచి ఏం కనిపిస్తోంది, ఏ వస్తువు చేతికి అందుతోంది అని మాత్రం చూస్తూ పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఎత్తులో ఉన్న గూడు ఒక 'నేను'కి అందుతూ, ఇంకో 'నేను'కి అందకపోతే వాళ్లు ఇద్దరు. లేదా ఒక్కరే, వయసు వేరు. పేరు చెప్పకుండా మనిషిని చూపించడానికి రచయితలకు ఇలాంటి దారులే ఉంటాయి.

ఆ మెట్ల దగ్గర ఇంకొంచెం ఆగండి. మెట్లు ఎవరు లెక్కపెడతారు? అంకెలు కొత్తగా నేర్చుకున్న పిల్లలు లెక్కపెడతారు, సరదాకి. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లు లెక్కపెడతారు, ఇంకెన్ని మిగిలాయోనని. చూపు పోయినవాళ్లు లెక్కపెడతారు, పడిపోకుండా. నిద్రపోతున్నవాళ్లను లేపకూడదనుకునేవాళ్లు కూడా లెక్కపెడతారు, చప్పుడు చేసే మెట్టు ఏదో వాళ్లకు తెలుసు కాబట్టి. మీ నవలలో లెక్కపెట్టింది వీళ్లలో ఎవరు? ఆ సంఖ్య పుస్తకంలో ఇంకెక్కడైనా వచ్చిందా? వచ్చిన చోట అదే సంఖ్యా, ఒకటి తగ్గిందా? మీకు ఏడుపు వచ్చిందంటే, బుద్ధికి అందని ముడి ఏదో అప్పటికే మీ మనసు విప్పిందని నా అనుమానం. ఎక్కడో ముందు పేజీల్లో చదివి మరిచిపోయిన వాక్యం ఒకటి అక్కడ వచ్చి తగిలి ఉంటుంది. ఆ వాక్యాన్ని వెనక్కి వెళ్లి పట్టుకోగలిగితే మీ పది నిమిషాలకు సరిపడా సరుకు దొరికినట్టే.

అంకెలు వెనక్కి నడవడం గురించి కూడా ఒక మాట. అంకెలు తలకిందులు కావడం వేరు, కాలం తలకిందులు కావడం వేరు. రెండూ కలిపి చూడకండి. 24వ అధ్యాయంలో జరిగింది 23లో జరిగినదాని తర్వాతదైతే, కాలమే వెనక్కి నడుస్తోంది. అప్పుడు 'తర్వాత ఏమవుతుంది' అన్న ఉత్కంఠ ఉండదు, 'ఎందుకు ఇలా అయింది' అన్నదే ముందుకు లాగుతుంది. చివర చదివే 1వ అధ్యాయంలో మొదటి కారణం ఉంటుంది. కాలం మామూలుగానే ముందుకు వెళ్తూ అంకెలు మాత్రం తగ్గుతుంటే, అది దేనికో గడువు లెక్కపెట్టడం. దేనికి? ఇల్లు అమ్మేస్తున్నారా, కూల్చేస్తున్నారా, ఎవరైనా పోబోతున్నారా? ఈ రెండిట్లో ఏదీ కాకపోతే, వెనక్కి ఉన్న అంకెలు కథలో ఏ పనీ చేయకపోతే, రచయిత మీద మీకు కలిగిన అనుమానానికి కొంత బలం వచ్చినట్టే.

ఫుట్‌నోట్లను ఈసారి విడిగా, వరసగా చదివి చూడండి. పైన చదువుతూ మధ్యమధ్యలో కిందికి దిగితే రెండూ చెడతాయి. ఫుట్‌నోటు రాసిన మనిషి పైకథను వివరిస్తున్నాడా, లాక్కుంటున్నాడా అన్నది చూడాలి. వ్లదీమిర్ నబకోవ్ 1962లో 'పేల్ ఫైర్' అనే నవల రాశాడు. అందులో 999 పంక్తుల పద్యం ఒకటి, దానికి ఇంకొకాయన రాసిన సుదీర్ఘమైన వ్యాఖ్యానం. వ్యాఖ్యాత పద్యం గురించి చెబుతున్నట్టే మొదలుపెట్టి, ప్రతిచోటా తన కథే చెప్పుకుంటాడు. పద్యం ఎవరిది, పిచ్చి ఎవరికి అన్నదే అసలు నవల. మీ పుస్తకంలో కూడా పేజీ అడుగున ఉన్నవాడికి పైవాళ్లకంటే ఎక్కువ తెలుసేమో, లేక ఎక్కువ తెలిసినట్టు నటిస్తున్నాడేమో చూడండి.

సరే, లోపం ఎవరిది అని అడిగారు. రచయితదై ఉండే అవకాశం నిజంగానే ఉంది. దీన్ని దాటవేయడం నాకిష్టం లేదు. కష్టంగా ఉన్న ప్రతి పుస్తకం లోతైనది కాదు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేక, ఆ సంగతి బయటపడకుండా వాక్యాలు ముక్కలు చేసి, కామాలు పీకేసి, అధ్యాయాలు తారుమారు చేసే రచయితలు అన్ని భాషల్లోనూ ఉన్నారు. వెనక అట్ట మీద 'పాఠకుడికి సవాలు' అని ఉంటే నాకైతే ముందు అనుమానమే కలుగుతుంది. తేల్చుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న ఇది: ఈ నవలను మామూలు వరసలో, మామూలు వాక్యాల్లో తిరగరాస్తే ఏం పోతుంది? ఏమీ పోకపోతే ప్రయోగం పైపూత. ముఖ్యమైనదేదో పోతుందనిపిస్తే, ఆ రూపానికి ఒక కారణం ఉందన్నమాట.

కారణం ఉన్న రూపం ఎలా ఉంటుందంటే, బి.ఎస్. జాన్సన్ 1969లో తెచ్చిన 'ది అన్‌ఫార్చునేట్స్' చూడండి. అది బైండు చేసిన పుస్తకం కాదు, పెట్టె. అందులో 27 విడి భాగాలు. మొదటిది, చివరిది అని రెండిటికి గుర్తు ఉంటుంది, మిగతా 25 మీ ఇష్టం వచ్చిన వరసలో చదువుకోవచ్చు. వింటే ఇదేం వేషం అనిపిస్తుంది. కానీ కథ ఇది: ఒక విలేఖరి ఫుట్‌బాల్ మ్యాచ్ రిపోర్టు చేయడానికి ఒక ఊరు వెళ్తాడు. దిగాక గానీ గుర్తుకు రాదు, క్యాన్సర్‌తో చిన్న వయసులోనే పోయిన తన స్నేహితుడి ఊరు అదేనని. ఆ రోజంతా పని చేసుకుంటూనే ఉంటాడు, మధ్యలో స్నేహితుడి జ్ఞాపకాలు వస్తుంటాయి, వరస లేకుండా. రచయితకు స్వయంగా జరిగిందే అది. పోయినవాళ్లు మనకు పుట్టిన తేదీ నుంచి మొదలై క్రమంగా గుర్తుకు రారు. ఆస్పత్రి మంచం ముందు గుర్తొచ్చి, వెంటనే ఎప్పుడో పగలబడి నవ్విన సాయంత్రం గుర్తొస్తుంది. ఆ భాగాల్ని వరసగా కుట్టి బైండు చేస్తే దుఃఖం అబద్ధమైపోతుంది. కాబట్టి పెట్టె. ఇది ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, కానీ కారణం లేదని మాత్రం అనలేం.

ఈ ప్రశ్నకు మీ నవల ఏం జవాబిస్తుందో మీరే చూడాలి. మాట్లాడేది ఎవరో మొదటి పేజీలోనే చెప్పేసి ఉంటే, ఆ మెట్ల దగ్గర మీకు ఏడుపు వచ్చేదా? నాకు వచ్చేదని అనిపించడం లేదు. పిల్లో, ముసలామో, ఎవరో తెలియకపోవడం వల్లే ఆ చీకట్లో మీరూ వాళ్లతో పాటు ఎక్కారేమో. ఆ ఒక్కచోట రచయిత చేసిన పని ఫలించింది. మిగతా 23 అధ్యాయాల్లో ఫలించకపోయి ఉండొచ్చు. పుస్తకాలు సాధారణంగా అలాగే ఉంటాయి, పూర్తిగా గొప్పవీ కావు, పూర్తిగా మోసమూ కావు.

చులకనైపోతానేమో అన్న భయానికి వర్జీనియా వూల్ఫ్ డైరీ మంచి మందు. 1922 ఆగస్టులో ఆమె 'యులిసీస్' చదువుతోంది. 200 పేజీలు అయ్యేసరికి డైరీలో రాసుకుంది, మొదటి రెండు మూడు అధ్యాయాలు సంతోషపెట్టాయని, ఆ తర్వాత అయోమయం, విసుగు, చిరాకు అని. తన స్నేహితుడు టి.ఎస్. ఎలియట్ దాన్ని టాల్‌స్టాయ్ 'వార్ అండ్ పీస్'తో సమానం అంటున్నాడని ఆశ్చర్యపోయింది కూడా. అంటే మీ పరిస్థితే. చుట్టూ ఉన్న తెలివైనవాళ్లు ఆహా అంటున్నారు, తనకేమో ఆవలింత. ఆమె తెలివి తక్కువదని ఎవరూ అనలేరు. మూడేళ్లకు, 1925లో, తనే ఒక్క రోజులో నడిచే 'మిసెస్ డాలోవే' రాసింది. ఒక పుస్తకం నచ్చకపోవడానికీ, ఆ రకం రచన మీద ఆసక్తి లేకపోవడానికీ సంబంధం లేదు.

ఫాక్నర్‌ను ఒక ఇంటర్వ్యూలో అడిగారు, రెండు మూడుసార్లు చదివినా మీరు రాసింది అర్థం కావడం లేదంటున్నారు, వాళ్లేం చెయ్యాలి అని. నాలుగుసార్లు చదవమన్నాడు. చమత్కారం బాగుంది కానీ, ఆ సలహా నేను మీకు ఇవ్వను. ఏ రచయితకూ మనం నాలుగు చదువులు బాకీ లేం. ఒక్క చదువులో ఏదో ఒకటి దక్కితేనే రెండోదానికి మనసొస్తుంది. ఏమీ దక్కకపోతే ఆ రచయిత అడిగే హక్కు పోగొట్టుకున్నట్టే.

ఇక ఆ పది నిమిషాలు. 'నాకు అర్థం కాలేదు', 'నాకు నచ్చలేదు', 'ఇది బాగా రాయలేదు' అన్నవి మూడు వేరే మాటలు. సాహిత్య చర్చల్లో సగం గొడవలు ఈ మూడూ కలిసిపోవడం వల్లే. మీకు ఖాయంగా తెలిసింది మొదటిది, అది కూడా కొంతవరకే. దాన్ని దాచకండి, కానీ అక్కడే ఆపేయకండి. ఇలా అనొచ్చు: "మాట్లాడేది ఎవరో నాకు తెలియలేదు. 24వ అధ్యాయంలో ఇద్దరు అనుకున్నాను, 20కి వచ్చేసరికి నలుగురు అనిపించారు, ఆ తర్వాత లెక్క వదిలేశాను. కానీ ఇల్లు మారలేదని గమనించాను. తొమ్మిదో అధ్యాయంలో ఏడ్చాను. ఎందుకో నాకే తెలియక, ఆ పేజీ మళ్లీ చదివాను, అక్కడ నాకు కనిపించింది ఇది." అంకెలు మీకు అనిపించినట్టు మార్చుకోండి, అప్పుడు ఈ మాటల్లో అబద్ధం ఒక్కటీ ఉండదు. నా అనుభవంలో, అద్భుతం అన్నవాళ్లలో కనీసం ఒకరిద్దరు అప్పుడు ఊపిరి పీల్చుకుంటారు. ఎక్కడ తప్పిపోయారో వాళ్లూ చెప్పడం మొదలుపెడతారు. అసలు చర్చ అప్పుడే మొదలవుతుంది.

తల్లి కథ అన్నవారినీ, ఇల్లే మాట్లాడుతోంది అన్నవారినీ చూసి మీరు బెదిరిపోయినట్టున్నారు. నాకైతే అది మంచి కబురు. ఇద్దరూ అద్భుతం అన్నారు గానీ, ఇద్దరూ చదివింది రెండు వేర్వేరు పుస్తకాల్లా ఉంది. అంటే వాళ్లకు కూడా అంతా తేటతెల్లం కాలేదు, ఊహించారు. ఊహించడంలో తప్పు లేదు, దానికి ఆధారం ఏ పేజీలో ఉందో చూపించగలగాలి అంతే. "మీకు అలా ఎక్కడ అనిపించింది, ఆ పేజీ ఒకసారి చదువుతారా?" అని మామూలుగా అడగండి. ఎదురు ప్రశ్నలా కాకుండా, నిజంగా తెలుసుకోవాలని. ఇల్లే మాట్లాడుతోందని అన్నవారిని, మెట్లు లెక్కపెట్టే అవసరం ఇంటికి ఎందుకు వచ్చిందని కూడా అడగొచ్చు. ఏమో, దానికి వాళ్ల దగ్గర మంచి జవాబే ఉండొచ్చు. తల్లి అన్నవారి మాట నాకు ఎక్కువ నమ్మబుద్ధేస్తోంది, కానీ చదవని పుస్తకం మీద ఇంతకంటే మాట్లాడకూడదు.

ఎలా చదవాలి అన్నదానికి పెద్ద రహస్యాలేమీ లేవు. ఇలాంటివి రోజూ పడుకునే ముందు ఐదు పేజీల చొప్పున చదివితే చెడిపోతాయి. ఐదో పేజీ దగ్గర ఆపిన గొంతు మర్నాటికి చెవిలో ఉండదు, మళ్లీ మొదటికొస్తుంది. వారంలో రెండుసార్లయినా సరే, గంట, గంటన్నర కదలకుండా కూర్చోగలిగిన రోజే తెరవండి. కొటేషన్ మార్కులు లేని సంభాషణలు కన్నుకు చిక్కవు, పైకి చదివితే చెవికి చిక్కుతాయి. ఇద్దరు మనుషులు ఒకేలా మాట్లాడరు. ఒకరు 'అండీ' అంటారు, ఒకరు అనరు, ఒకరు మాట పూర్తి చేయకుండా వదిలేస్తారు. రెండు పేజీలు గట్టిగా చదివితే ఎక్కడ మనిషి మారిందో తెలిసిపోతుంది. అప్పటికీ తెలియకపోతే, తెలియకూడదనే రాశాడేమో అనుకుని ముందుకు సాగండి. ఇంటర్నెట్‌లో సారాంశాలు, రచయిత ఇంటర్వ్యూలు చదవడం తప్పేమీ కాదు గానీ, సమావేశం అయ్యాక చదవండి. ముందే చదివితే మీ పది నిమిషాలూ వేరేవాళ్ల మాటలే వస్తాయి, పైగా ఆ మెట్ల దగ్గర మీకు కలిగిందేమిటో మీకే గుర్తుండదు.

వదిలేయడం గురించి కూడా మీరు సిగ్గుపడుతున్నట్టు రాశారు. రెండుసార్లు వదిలేశానని ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. నేను ఎన్ని పేజీలు చదివి వదలాలని లెక్క పెట్టుకోను. చదువుతున్న వాక్యం బాగుందా, లేదా కనీసం తర్వాత ఏముందో చూడాలని ఉందా, ఈ రెండిట్లో ఒకటైనా ఉంటే అర్థం కాకపోయినా కూర్చుంటాను. రెండూ లేకపోతే మూసేస్తాను. మీరు మూడోసారి ఎందుకు తెరిచారు? సమావేశం కోసమేనా, ఆ ఇల్లు మనసులో మెదలడం వల్లనా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే, ఇలాంటి పుస్తకాలు మానేయాలా అన్న మీ చివరి ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.

మానేయవద్దనే నా సలహా, అయితే తర్వాతి పుస్తకం మీరే ఎంచుకోండి. నవీన్ రాసిన 'అంపశయ్య' చదవకపోతే అది తీసుకోండి. 1969లో వచ్చింది, ఆ పుస్తకం పేరే రచయితకు ఇంటిపేరుగా మారిపోయింది. చైతన్య స్రవంతి పద్ధతిలో రాశారు. ఆలోచన ఎటు పోతే కథ అటు పోతుంది, వర్తమానంలోంచి జ్ఞాపకంలోకి, అక్కడి నుంచి కలలోకి చెప్పాపెట్టకుండా జారుతుంది. కానీ ఆ ఆలోచనలన్నీ రవి అనే ఒక్క విద్యార్థివి, గడిచేది ఒక్క రోజు. మాట్లాడేది ఎవరన్న తికమక ఉండదు కాబట్టి, మనసు ఎలా గెంతుతుందో చూడటానికి మీకు తీరిక ఉంటుంది. అది పూర్తి చేశాక ఈ ఇంటి నవలను ఇంకోసారి తెరవాలనిపిస్తే తెరవండి. అనిపించకపోతే ఎవరికైనా ఇచ్చేయండి, పెన్సిల్ గుర్తులు మాత్రం చెరపకండి.